సొంత వారం

దుప్పటి మూల మడిచి పరుపు కిందికి తోస్తుంటే వెనక తాళాల చప్పుడైంది. మడతమ్మ తిరిగి చూడలేదు. పాత బ్లాకులో అంత గుత్తి నడుముకి కట్టుకుని తిరిగేది ఒక్కతే. సూపర్‌వైజరు అయినా అందరికీ ఆవిడ ఇంకా తాళాలక్కే.

తాళాలక్క మంచం చుట్టూ తిరిగింది. దిండు సరిచెయ్యబోయి, సరిచెయ్యడానికేమీ లేక చెయ్యి వెనక్కి తీసుకుంది. కిటికీ అద్దం మీద వేలితో రాసి, వేలు వెలుతుర్లో పెట్టి చూసుకుంది. ఇదివరకైతే దుమ్ము అంటితే నోరు చేసుకునేది. ఇప్పుడు అంటలేదని నిట్టూర్చింది.

"ఇంత బాగుంటే ఎలాగే?" అంది.

మడతమ్మ రెండో మూల మడతపెట్టింది. దుప్పటి గీత గీసినట్టు వచ్చింది. ఆ మడతలవల్లే ఆమెకు ఆ పేరు పడింది. అసలు పేరు గేటు దగ్గర హాజరు వేసేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పైనుంచి వచ్చిన మాట తాళాలక్క మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. పాత బ్లాకు గదులు రోజూ శుభ్రం చెయ్యక్కర్లేదు. తువ్వాళ్ళు అరిగినవి వెయ్యాలి. బల్బు మాడిపోయిందంటే చెప్పాం అనాలి, మార్చకూడదు. వేడినీళ్ళ సంగతి బాయిలర్ దగ్గరివాళ్ళు చూసుకుంటారు. ఇదంతా నోటిమాటే. ఎవరైనా అడిగితే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ రిసార్టు పాత బ్లాకులో గదులు అద్దెకిచ్చేవి కావు. ఏడాదిలో ఒక్కో వారం ఒక్కో కుటుంబం కొనుక్కుంది. ఆ వారం, ఆ గది వాళ్ళ సొంతం. బస్సు కండక్టర్లు, నర్సులు, స్కూలు గుమాస్తాలు, చిన్న కొట్లవాళ్ళు నెలనెలా కట్టుకుంటూ పోయి కొనుక్కున్న వారాలవి. కంపెనీ చేతులు మారాక అలాంటివాళ్ళు దాని కంటికి ఆనడం మానేశారు. సముద్రం కనిపించే ముందు వైపు కొత్త బ్లాకు లేచింది. అందులో వారం ఎంత అని అడిగేవాళ్ళని సోఫాలో కూడా కూర్చోబెట్టరు. పాత బ్లాకు పడగొట్టి అలాంటిదే ఇంకొకటి కట్టాలి. కాని సొంతదారుల్ని పొమ్మనే హక్కు కంపెనీకి లేదు. వాళ్ళంతట వాళ్ళే విసిగిపోయి, ఆఫీసుకొచ్చి గొడవపడి, మాకొద్దు ఈ వారం అని సంతకం పెట్టి పోవాలి.

"పక్క వరసలో ఒక్కొక్కళ్ళే సంతకం పెట్టి పోతున్నారు. నీ గదుల్లో ఒక్కరూ కదల్లేదు," అంది తాళాలక్క. "ముందు బ్లాకుకి ఎవర్ని తీసుకోవాలో ఈ వారం చివర చెప్పమన్నారు నన్ను. ఏ మొహం పెట్టుకుని నీ పేరు చెప్పను?"

వెళ్ళేముందు మంచం పక్కన ఒక్క క్షణం ఆగి, దుప్పటి ఒక మూల పట్టుకుని బయటికి లాగేసింది.

*

ముందు బ్లాకులోకి వెళ్తే ఉద్యోగం పర్మనెంటు. దానికంటే ముఖ్యం, వెనక క్వార్టర్లలో నేల మీద గది. మడతమ్మ ఉండేది గుట్టకి అతుక్కున్న ఇళ్ళలో అన్నిటికంటే పైన. అక్కడికి మెట్లే దారి. అత్తగారి మోకాళ్ళు వానలకు ముందే మొరాయించాయి. అప్పటినుంచి ఆవిడ గడప దాటి, రెండు మెట్లు దిగి, గోడ పట్టుకుని మళ్ళీ ఎక్కి వస్తుంది. ఆమె లోకం అంతే. కొడుకు పోయిన తర్వాత కోడల్ని వదిలి వెళ్ళమని చుట్టాలు చెప్తే, దీన్ని తిట్టకుండా నాకు పొద్దెలా గడుస్తుంది అందట.

సాయంత్రం కోడలు చెప్పులు విప్పకముందే ఆవిడ అడిగేది ఆ గది సంగతే.

"ఏమే, బతికుండగా కిందికి దింపుతావా? నలుగురూ మోసి దింపేదాకా చూస్తావా?"

ఆ నలుగురూ ఈ మెట్లు చూస్తే రామంటారు, అంది మడతమ్మ. అత్తగారు పళ్ళులేని నోటితో చాలాసేపు నవ్వింది. తర్వాత ఇద్దరూ అన్నం తిన్నారు.

*

మూల గది వాళ్ళు ఆ మర్నాడు మధ్యాహ్నం దిగారు. టైలరమ్మ, ఆమె భర్త, ఐదేళ్ళ మనవరాలు. భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, కాని నోరు రిటైరవలేదు. మెట్ల మీద సామాను అడ్డం పెట్టుకుని, ముందుకి జరగాలి, ముందంతా ఖాళీయే అని మనవరాల్ని తోలుకొచ్చాడు. టైలరమ్మ గదిలోకి అడుగుపెట్టగానే కర్టెను అంచు పట్టుకుని చూసింది. ప్రతి ఏడూ అంతే. సంచిలోంచి సూది, దారం తీసి, ఊడినచోటల్లా కుట్టి, ఆ తర్వాతే మంచినీళ్ళు తాగుతుంది. ఎందుకు పిన్నీ ఆ తిప్పలు, కంపెనీవాళ్ళు మారుస్తారు అంటే, మన గదికి ఒకళ్ళు మార్చేదేమిటి అంటుంది.

పోయినేడు తెచ్చినట్టే ఈసారీ మడతమ్మకి ఒక ఏప్రాన్ కుట్టి తెచ్చింది. రెండు జేబులు పెద్దవి, ఒకటి చిన్నది. తనే కట్టి చూసింది. నాడా నడుము చుట్టూ తిప్పి, ఇంకా మిగిలితే మళ్ళీ తిప్పింది.

"పోయినేడు ఒక చుట్టే కదే తిరిగింది," అంది. "ఏమైంది నీకు? ఒంట్లో బాగోలేదా?"

బాగానే ఉన్నాను పిన్నీ, అంది మడతమ్మ. ఆమె కళ్ళలోకి చూడకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

మర్నాటినుంచి వాళ్ళ వారం లెక్క. మొదటి రోజు పొద్దున్న ఆ ముగ్గురూ సముద్రం వైపు వెళ్ళాక గదిలోకి వెళ్ళింది. పక్క పాడుచెయ్యడం అనుకున్నంత తేలిక కాదని తెలిసింది. దుప్పటి విసిరి ఊరుకుందామనుకుంది. చేతులు ఊరుకోలేదు. వాటిపాటికి అవి నాలుగు మూలలూ లాగి, అరచేతితో ముడతలు తుడిచి, దిండ్లు నిలబెట్టేశాయి. చెడగొట్టడానికి కూడా ముందు బాగా చెయ్యాల్సి వచ్చింది. తర్వాత ఒక పక్క లాగి వేలాడేసింది. ఒక దిండు అడ్డంగా పడేసింది. పాత గుడ్డల మూటలోంచి ఏరి తెచ్చిన తువ్వాలు చిల్లు పైకి కనిపించేలా మడిచి పెట్టింది. బాత్రూము మూల వెంట్రుకల ఉండ ఉంటే, దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. అలాగే ఉంచి తలుపు వేసింది. మిగతా గదులు తుడుస్తున్నంతసేపూ అదే కళ్ళముందు మెదిలింది.

తాళాలక్క వచ్చి చూసి బాగుంది అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు.

*

రెండో రోజు ఆ గదికి వెళ్ళొద్దన్నారు, వెళ్ళలేదు. మూడో రోజు వెళ్తే చెయ్యడానికి ఏమీ కనిపించలేదు. నేల ఊడ్చి ఉంది. బాత్రూము కడిగి ఉంది. మాడిపోయిన బల్బు చోట కొత్తది వెలుగుతోంది. కండక్టరు బజారు నుంచి కొనుక్కొచ్చి స్టూలెక్కి పెట్టుకున్నాడు. గదిలోని వంట మూలలో పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. టైలరమ్మ కిటికీ పక్కన కూర్చుని కంపెనీ తువ్వాలుకి మాసిక వేస్తోంది.

మడతమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. టైలరమ్మ లేచివచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. తలుపు మూసి, కుర్చీలో కూర్చోబెట్టింది. తనకి మొదటిరోజే అర్థమైందనీ, అంత చక్కగా పక్క వేసే మనిషి అలా వేసిందంటే లోపల ఏదో జబ్బు పెట్టుకుని లాక్కొస్తోందనీ, ఎవరికీ చెప్పక్కర్లేదనీ, ఈ వారం రోజులూ ఈ గది పని తాము చేసుకుంటామనీ, రోజూ వచ్చి ఓ అరగంట నడుం వాల్చి పొమ్మనీ గొంతు తగ్గించి చెప్పింది. మీ తాళాలావిడ వస్తే పని జరుగుతోందని చెప్తాను, అంది. ఒక బలం మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడింది.

ఆ పక్కనే కండక్టరు పక్క సర్దుతున్నాడు. దుప్పటి నాలుగు మూలలూ గట్టిగా ముడివేసి, చేతులు దులుపుకుని దూరంగా జరిగి చూసుకున్నాడు.

"బస్సు టాపు మీద సామానుకి పట్టా కట్టినట్టుంది," అంది టైలరమ్మ.

"ఎంత కుదిపినా ఊడదు," అన్నాడు ఆయన.

మడతమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు దాన్ని నీరసం కింద జమకట్టుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా తుడుస్తున్న ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడినుంచి చూస్తే కిటికీలో కొత్త బ్లాకు గోడ, దాని పక్కన సన్నగా ఒక చీలికంత సముద్రం కనిపించాయి. ఆ చీలిక కోసమే వీళ్ళు ఈ గది ఎంచుకున్నారని ఎప్పుడో విన్నది గుర్తొచ్చింది.

*

నాలుగో రోజు లాండ్రీ వెనక మెట్ల మీద తాళాలక్క ఆమెను పట్టుకుంది. మూల గదివాళ్ళు ఆఫీసులో గొడవ పెట్టుకోకపోగా, ఆ అమ్మాయి పని బహుబాగు అని చీటీ రాసి పెట్టెలో వేశారట. దాన్ని మేనేజరు చదివాడట. ఏం చేస్తోంది మీ మనిషి అని అడిగాడట.

"నేనూ బాత్రూములు కడిగినదాన్నే," అంది తాళాలక్క. గుత్తిలోంచి ఒక తాళంచెవి వేరు చేసి గోటితో తుప్పు గీకుతోంది. "నాకు సరదా అనుకుంటున్నావా? నీ పేరు చెప్పాలనుంది. చెప్పే దారి చూపించు."

ఆవిడ కళ్ళకింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని మడతమ్మ ప్రయత్నించింది. రాలేదు.

ఆ మధ్యాహ్నం మూల గదిలోకి వెళ్ళి, ఉతకడానికని చెప్పి మంచం మీద దుప్పట్లు, దిండు గలీబులతో సహా అన్నీ తీసేసింది. మారు దుప్పట్లు వెంటనే తెస్తానంది. తేలేదు. సాయంత్రం దాకా లాండ్రీలో కూర్చుని, తడిసిన వాటిని ఊరికే మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. పొద్దు వాలాక ఉండబట్టలేక వెళ్ళింది. బోసి పరుపు మీద టైలరమ్మ తన శాలువా పరిచింది. దాని మీద మనవరాలు కాళ్ళు ముడుచుకుని పడుకుంది, ఇంకా నిద్ర పట్టినట్టు లేదు. తలుపు చప్పుడుకి తల తిప్పి చూసింది.

"అమ్మమ్మా, అత్తకి జ్వరం తగ్గిందా?" అంది.

*

ఐదో రోజు మధ్యాహ్నం మడతమ్మ ఏ సామానూ లేకుండా ఆ గదికి వెళ్ళింది. పిల్ల నిద్రపోతోంది. కండక్టరు వరండా గోడకి చేరగిలబడి ఉన్నాడు. టైలరమ్మ రెండో కర్టెను అంచు కుడుతోంది.

"నాకు జబ్బేం లేదు పిన్నీ," అంది మడతమ్మ, గుమ్మం పట్టుకుని.

సూది ఆగలేదు.

"పని పాడుచెయ్యమన్నారు. అందుకే చేశాను. తువ్వాలు చిల్లుది నేనే ఏరి పెట్టాను. నీళ్ళు కావాలనే కాగనివ్వడం లేదు. మీరు విసుక్కుని, మాకొద్దని రాసిచ్చి పోవాలని. ఈ బ్లాకులో అందరికీ ఇలాగే చేస్తున్నారు."

తర్వాత మిగతాదీ చెప్పింది. ముందు బ్లాకు, క్వార్టర్లు, అత్తగారి మోకాళ్ళు. చెప్పేకొద్దీ మాటలు చిన్నవైపోయాయి. టైలరమ్మ తల ఎత్తలేదు. అంచు చివరిదాకా కుట్టి, ముడివేసి, దారం పంటితో తెంపింది.

"అయితే నీ ఒంట్లో బాగానే ఉన్నట్టేగా?"

"బాగానే ఉంది."

"పోనీలే," అంది.

వరండాలోంచి కండక్టరు ఏదో అంటాడనుకుంది మడతమ్మ. ఆయన లేచి వరండా రెండో చివరికి నడిచాడు. సంతకం మాత్రం పెట్టొద్దనీ, మీరు పెట్టకపోతే వాళ్ళు ఏమీ చెయ్యలేరనీ, ఎవరైనా అడిగితే ఇదంతా తను ఎవరి ముందైనా చెప్తాననీ మడతమ్మ రెండుసార్లు చెప్పింది. టైలరమ్మ తల ఊపింది. తర్వాత మడతమ్మ లాండ్రీకి వెళ్ళి కొత్త దుప్పటి తెచ్చి, పిల్ల నిద్ర చెడకుండా, మంచం మీద ఒక పక్కనుంచి పరిచి, పిల్లని మెల్లగా జరిపి, రెండో పక్క పరిచింది. నాలుగు మూలలూ తనకి వచ్చినట్టే మడిచింది.

ఆ సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. గది రాదని అత్తగారికి చెప్పేసింది. ఎందుకు రాదో కూడా చెప్పింది. ఆవిడ మోకాళ్ళ మీద చీర సర్దుకుంది.

"కింద గాలి ఆడదులే," అంది. "నాకు ఉక్క పడదు."

*

ఆరో రోజు మడతమ్మ మిగతా గదులు ముగించుకుని ఆ వైపు వచ్చింది. మూల గది తలుపు తెరిచి ఉంది. సంచులు కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి. ఇంకా ఒక రోజు మిగిలి ఉందనుకుంటూ ఆమె వాటిని చూసింది. లోపల టైలరమ్మ పిల్లకి జడ వేస్తోంది. కొత్త దుప్పటి మీద పిల్ల పడుకున్న మేర తప్ప ఒక్క ముడత లేదు. మిగతా మంచం మీద ఎవరూ పడుకున్నట్టు లేదు.

సంతకం పెట్టేశాం, అంది టైలరమ్మ. ఆఫీసు తీసేదాకా గుమ్మంలో నిలబడి పెట్టి వచ్చారట. ఆఫీసువాళ్ళు టీ కూడా ఇచ్చారట.

మడతమ్మ గుమ్మం దగ్గరి సంచి ఒకటి మళ్ళీ లోపలికి జరిపింది. పెట్టొద్దని చెప్పాను కదా పిన్నీ, అంది.

"చెప్పావు," అంది టైలరమ్మ. జడ చివర రిబ్బను కడుతూ, పిల్ల తలమీదుగా చూస్తూ మాట్లాడింది. "నీళ్ళు చల్లగా ఉంటే కాచుకుంటాం. దుప్పటి లేకపోతే నాది పరుచుకుంటాం. అవన్నీ మాకు లెక్కే కాదు. రాత్రంతా ఇద్దరం ఆ కుర్చీల్లోనే కూర్చున్నామే. మమ్మల్ని పొమ్మంటున్నారని తెలిశాక ఆ మంచం ఎక్కబుద్ధి కాలేదు."

"అది మీ మంచం పిన్నీ."

"నిన్నటిదాకా."

కండక్టరు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. టికెట్టు ఉంది కదా బాబాయ్, మిమ్మల్నెవరు దింపుతారు అంది మడతమ్మ, ఆయనైనా ఆగుతాడేమోనని. ఆయన నవ్వాడు, ఆ నవ్వు మొహం సగందాకా వచ్చి ఆగిపోయింది.

"టికెట్టున్నవాణ్ణి ఎవడైనా దింపితే నేను బస్సు ఆపించి మరీ పోట్లాడేవాణ్ణమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఓపిక లేదు."

టైలరమ్మ మడతమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా లేదు, కోపంగానూ లేదు.

"నువ్వు చెప్పకపోతే ఇంకా ఎన్నేళ్ళు ఇలాగే తువ్వాళ్ళు కుట్టుకుంటూ వచ్చేవాళ్ళమో. నీకు బాగోలేదు, అంతే అనుకుంటూ. చెప్పావు, మంచిదే."

పిల్ల మెట్ల మీంచి చెయ్యి ఊపింది. వచ్చే ఏడు వస్తాం అత్తా, అని అరిచింది. పెద్దవాళ్ళు సరిచెయ్యలేదు.

*

వారం చివర తాళాలక్క లాండ్రీలోకే వచ్చి చెప్పింది. ముందు బ్లాకుకి మడతమ్మ పేరు ఖాయమైంది. క్వార్టర్లలో పంపుకి దగ్గరగా ఉన్న గది. ఒక్క మెట్టు, అంతే. అత్తగారికి చెప్పు, అంది. చెప్తూ సంతోషపడింది కూడా. నిజమైన సంతోషమే అది, మొహంలో కనిపించింది. తర్వాత ఇస్త్రీ బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"అంత పట్టుబట్టి కూర్చున్నవాళ్ళు ఒక్క పూటలో లేచిపోయారు. ఏం చేశావే?"

మడతమ్మ తువ్వాళ్ళు లెక్కపెడుతోంది. లెక్క తప్పింది.

"ఏం చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కావాలనే చేస్తున్నామని."

తాళాలక్క నిటారుగా నిలబడింది. కోపం వస్తుందని మడతమ్మ ఎదురుచూసింది. ఒకరకంగా రావాలనే కోరుకుంది. ఆవిడ గుత్తి అరచేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా నొక్కుతూ, బాయిలర్ గొట్టాల వైపు చూస్తూ ఆలోచించింది. ఆమె ఆలోచన ఎటు వెళ్తోందో మడతమ్మకి ముందే తెలిసిపోయింది.

"ముందు బ్లాకులోకి వచ్చే నెలలో కదా నువ్వు చేరేది," అంది తాళాలక్క మెల్లగా. "ఈలోపు వారాలన్నీ ఎలాగూ ఇక్కడే ఉంటావు. మిగతావాళ్ళకీ అదే చెప్పు."

"అక్కా."

"పాపం, ముసలీముతకా. చన్నీళ్ళతో చంపడం ఎందుకు? నిజం చెప్తే ఒక్కరోజులో తేలిపోతుంది. వాళ్ళకీ మర్యాద, మనకీ మర్యాద."

అందులో ఎక్కడా ఎగతాళి లేదు. అలిసిపోయిన మనిషి ఇంకో అలిసిపోయిన మనిషికి దగ్గరదారి చూపించినట్టుంది. మడతమ్మ తువ్వాళ్ళ దొంతర తోపుడుబండిలో పెట్టుకుని బయటికి నడిచింది.

మధ్యాహ్నం మూల గది పక్క గదిలోకి తర్వాతి వారం సొంతదారులు దిగారు. రిటైరైన నర్సు, పెళ్ళి చేసుకోని ఆమె తమ్ముడు. నర్సమ్మ మెట్లెక్కి ఆయాసపడుతూ వరండాలో గోడ పట్టుకుని నిలబడింది. మడతమ్మని చూడగానే మొహం విప్పారింది. సంచి తమ్ముడి చేతికి ఇచ్చి, రెండు చేతులతో ఆమె బుగ్గలు పుణికింది. దారిలో బండి చెడిపోయి, రాత్రి నిద్ర లేకుండా వచ్చారట.

"అంతా బాగానే ఉందా అమ్మాయ్? మన గది ఎలా ఉంది?"

వరండా చివర తాళాలక్క నిలబడి ఉంది. ఇటు చూడటం లేదు.

మడతమ్మ నర్సమ్మ మోచెయ్యి పట్టుకుని గదిలోకి నడిపించింది. పొద్దున్నే పరిచిన పక్క మీద కూర్చోబెట్టి, వంగి చెప్పులు విప్పింది. కిటికీ తలుపు దగ్గరగా వేసింది.

"మీకో మాట చెప్పాలి అమ్మా," అంది. "ఇప్పుడు కాదు. ముందు పడుకోండి. రేపు చెప్తాను."